లెక్కలో లాభము – కొలిమిలో నష్టము

ధరలు పెరిగినచో సరుకు అమ్మువానికి లాభమే కదా యని పలువురి భావన. శ్రీకాకుళం జిల్లాలోని బుడితి ఇత్తడి పనివారిని తలచినచో ఈ భ్రమ తొలగును. ఇత్తడికి ముఖ్యమైన రాగి వెల 2021 మే నెలలో ప్రపంచ విపణిలో టన్నుకు 10,000 డాలర్లు దాటినది. పాత వెలకు కొన్న లోహముతో చేసిన చెంబును అరువుకు అమ్మిన కంచరి, మూడు నెలల పిదప అందిన పైకముతో అంత లోహమును తిరిగి కొనలేడు. లెక్కలో లాభమున్నను మూలధనము కరగిపోవును.

నమోదైన చిన్న ఉత్పత్తిదారులకు కొనుగోలుదారులు 45 దినములలోపల బాకీ తీర్చవలెనని 2006 నాటి చట్టము శాసించుచున్నది. నమోదు, బిల్లు లేనిచో ఆ రక్షణ అందుట కష్టము.

వాణిజ్యశాస్త్ర విద్యార్థులారా! బిల్లు వ్రాయుటయు, సరుకు వెలను లోహము తిరిగి కొనవలసిన ధరపై నిర్ణయించుటయు ఆ పనివారికి తెలుపుదము. మన చదువునకు అదియే సార్థకత.