గడ్డి ఎవరు తిన్నారు?

చండ్రుగొండ దగ్గర, భద్రాచలం వైపు అడవి అంచున, ఒక గడ్డిబీడు ఉందనుకోండి. వానలకు ఏపుగా పెరిగిన గడ్డి వేసవి నాటికి మాయమైంది. నిప్పు పడలేదు. ఊరి పశువులే మేశాయని ఒకరు, కాదు దుప్పులని మరొకరు. పశువులను అడవిలోకి రానివ్వాలా వద్దా అన్నది ఈ లెక్క మీదే ఆధారపడితే, తప్పు లెక్కకు ఎవరో ఒకరు నష్టపోతారు. దుప్పిని పిలిచి అడగలేం కదా!

పోయిన గడ్డి 100 పాళ్లు అనుకుందాం. తిన్నవి మూడు. మూడోది చెదలు, తగువులాడే వారికి వాటి సంగతే తట్టదు.

పశువులు + దుప్పులు + చెదలు = 100

అజ్ఞాత రాశులు మూడు, సమీకరణం ఒక్కటే. మన లెక్కల పుస్తకం ఇక్కడ చేతులెత్తేస్తుంది. మూడు అజ్ఞాతాలుంటే మూడు సమీకరణాలు ఇచ్చి, ఒకే జవాబు రాబట్టించడం దానికి అలవాటు. నా ఫిర్యాదు అదే. ప్రకృతి అలా సరిపడా సమీకరణాలు ఇవ్వదు.

అయినా ‘ఇంతకు తగ్గదు, ఇంతకు మించదు’ అని చెప్పగలం. ఇవి అసమీకరణాలు. ఏ వాటా సున్నాకు తగ్గదన్నది మొదటిది. తిన్న గడ్డిని ఏ జంతువూ తిరిగి మొలిపించదు. మందను లెక్కపెట్టి పశువుల వాటా 30కి, 45కి మధ్య అని తేల్చాం. పెంటికలు లెక్కించి దుప్పులది 10కి, 25కి మధ్య అన్నాం. ఇక తీసివేయండి. చెదల వాటా తక్కువలో తక్కువ 100 − 45 − 25 = 30. ఎక్కువలో ఎక్కువ 100 − 30 − 10 = 60. ఒక్క చెదపురుగునైనా లెక్కపెట్టకుండానే ఇంత తెలిసింది!

తరువాతి ఏడు కూడా ఇంతే గడ్డి పోయింది. ఈసారి బీడులో కొంత మేర మేత జంతువులు దూరకుండా ముందే కంచె వేశాం. లోపల తగ్గిన గడ్డిని బట్టి చెదల వాటా 40 అని తేలింది. అంటే పశువులు, దుప్పులు కలిసి 60. దుప్పులు 25 మించవు కనుక పశువులు 35కి తగ్గవు. పశువులు 45 మించవు కనుక దుప్పులు 15కి తగ్గవు. ఒక్క సమీకరణం చేరగానే రెండు హద్దులూ బిగిశాయి. చెదల వాటా 20 అని వచ్చి ఉంటే? మిగతా 80 తినాల్సిన ఆ రెండూ కలిసి 70కి మించవు. అంటే కొలతల్లో ఏదో తప్పు ఉంది.

ఫలితం నుంచి వెనక్కి నడిచే ఈ పద్ధతిని ఏకఘాత విలోమ నమూనా అనవచ్చు. 1988లో వెజినా, ప్లాట్ అనే శాస్త్రజ్ఞులు సముద్రంలోని సూక్ష్మజీవుల్లో ఏది దేన్ని ఎంత తింటుందో ఇలాగే కట్టి చూశారు. అజ్ఞాతాలు పదుల్లో ఉంటే కంప్యూటరు కావాలి. ఒక్కో వాటాకు కనిష్ఠం, గరిష్ఠం వెతకడానికి 1947లో డాంట్జిగ్ కనిపెట్టిన సింప్లెక్స్ పద్ధతి పనికొస్తుంది.

ఒకే జవాబు లేకపోతే పిల్లలు తికమకపడతారని కొందరు ఉపాధ్యాయులు అంటారు. నేను ఒప్పుకోను. 100 పణాలకు పావురాలు, సారసాలు, హంసలు, నెమళ్లు కలిపి 100 పక్షులు కొనమని 9వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడు అడిగాడు. దానికి జవాబులు చాలా ఉన్నాయి. ఆయన గణిత గ్రంథాన్ని తెలుగు చేసినవాడు మన పావులూరి మల్లన. పరీక్షలో ‘30కి, 60కి మధ్య’ అని రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు ఎందుకు ఇవ్వకూడదు?

కంచె వేసి చూస్తే చెదల వాటా 35 అని వచ్చిందనుకోండి. పశువుల హద్దులేవి, దుప్పుల హద్దులేవి? మీరే కట్టి చూడండి.