రోబోకు దారిచ్చిండ్రు, పిల్లలకు ఇయ్యలే

2017ల వాషింగ్టన్ల బడిపిల్లల రోబో పోటీ పెట్టిండ్రు, ఫస్ట్ గ్లోబల్ చాలెంజ్ అని. అన్ని దేశాల పిల్లలకు ఒకటే తీరు సామాను పెట్టె. పోటీ సమానమే అన్నట్టు! అఫ్గానిస్తాన్ల హెరాత్ కాంచి ఆరుగురు ఆడపిల్లలు తయారైండ్రు. వాళ్ల పెట్టె కస్టమ్స్ కాడ నెలలకొద్ది ఆగింది. వీసా కోసం కాబూల్ దాంక రెండుసార్లు పోతే, రెండుసార్లూ కాదన్నరు. రోబో మాత్రం పోవచ్చట, పిల్లలు ఇంటికాన్నుంచి వీడియోల సూడాల్నట. గిదేం లెక్క తమ్మీ?

లోకమంతా లొల్లి జేసినంక ట్రంప్ కలుగజేసుకుంటే ఆఖరి నిమిషంల రానిచ్చిండ్రు. ధైర్యానికని వెండి పతకం గూడ ఇచ్చిండ్రు. నాకైతే ఆ పతకం మీదనే గుస్స. రోబో జేసుడుకు గంత ధైర్యం ఎందుకు గావాలె? అమెరికా పిల్లలకు గసొంటి పరీక్ష పెట్టిండ్రా?

2021ల తాలిబాన్లు వచ్చినంక ఆ జట్టు పిల్లలు కొందరు ఖతర్, ఇంకొందరు మెక్సికో పోయిండ్రు. హెరాత్ల ఉన్న ఆడపిల్లలకు ఆరో తరగతి దాటితే బడే బంద్.