పలుకుల కూర్పు, తీర్పరుల చూపు

మొజాయిక్ అన్న మాట తెలుగు గృహస్థుకు కొత్తది కాదు. సిమెంటులో చలువరాతి పలుకులు కలిపి పోసి, అవి గట్టిపడిన పిమ్మట యంత్రంతో అరగదీసి నునుపు చేసిన గచ్చుపై నడవనివారు తెలుగు పట్టణాలలో అరుదు. అయితే కళ అనే అర్థంలో మొజాయిక్ వేరు. అందులో పలుకులు తమంతట తాము సర్దుకోవు. ప్రతి గాజుపలుకునూ, రాతిపలుకునూ చేతితో కోసి, దాని చోటు ఏదో, దాని వాలు ఎటో నిర్ణయించి, ఒకదాని సరసన మరొకటి పొదుగుతారు. పలుకు అంటే తునక అనీ, మాట అనీ తెలుగున రెండర్థాలు ఉండటం ఈ కళకు అయాచితంగా లభించిన అలంకారం. అటువంటి కళాకృతి విలువను దాని ఎదుట నిలవకుండానే తేల్చవచ్చునా అన్నది నేడు వచ్చిన చిక్కు.

ఈ చిక్కు అమెరికాలో స్పష్టంగా కనిపిస్తున్నది. అక్కడి మొజాయిక్ కళాకారులు 1999లో సొసైటీ ఆఫ్ అమెరికన్ మొజాయిక్ ఆర్టిస్ట్స్ అనే సంఘాన్ని ఏర్పరచుకొన్నారు. మొజాయిక్ కృతులకే ప్రత్యేకించిన పోటీ ప్రదర్శనను ఆ సంఘం నిర్వహిస్తూ వచ్చింది. కాని ఒక్క ప్రదర్శనను నమ్ముకొని ఏ కళాకారుడూ బ్రతకలేడు. చిన్న ఊళ్ళలో పనిచేసే స్త్రీపురుషులకు దిక్కు ప్రాంతీయ ప్రదర్శనలే. స్థానిక కళాసంఘమో, చిన్న మ్యూజియమో, కళాశాలవారి చిత్రశాలో వాటిని నిర్వహిస్తుంది. ఒక రాష్ట్రంలోనో, ఇరుగుపొరుగు రాష్ట్రాలలోనో నివసించేవారికి ప్రవేశం. రుసుము చెల్లించి కృతుల ఛాయాచిత్రాలు పంపాలి. తిరస్కరించినా రుసుము సాధారణంగా తిరిగి రాదు. ఆహ్వానంపై వచ్చిన నిర్ణేత, మ్యూజియం అధికారో కళాచార్యుడో, వాటిలో కొన్నింటిని ఏరుతాడు. ఇది గౌరవానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఎన్ని ప్రదర్శనలలో ఎంపికైనదీ కళాకారుని యోగ్యతాపత్రంలోకి ఎక్కుతుంది. దానిని చూసే చిత్రశాలలు తలుపు తెరుస్తాయి. ఆసుపత్రి గోడకో, గ్రంథాలయపు గోడకో పని అప్పగించేవారు కబురు చేస్తారు. నెలల తరబడి గాజు కోసిన చేతులకు కూలి గిట్టేదీ గిట్టనిదీ నిర్ణేత చూసే ఆ కొద్ది క్షణాలపై ఆధారపడి ఉన్నది.

ఆ చూపు పడేది కృతిపై కాదు, దాని ఛాయపై. పూర్వం స్లైడులు పంపేవారు. చీకటిగదిలో తెరపై వాటిని ఒకదాని వెంట ఒకటి వేసి చూసేవారు. 2004లో కోడక్ సంస్థ స్లైడు ప్రొజెక్టరుల తయారీనే మానివేసింది. ఇప్పుడు కంప్యూటరు తెర వచ్చింది. సాధనం మారినది గాని సమస్య మారలేదు. తైలవర్ణచిత్రానికి ఛాయాచిత్రం వలన కొంత నష్టం కలుగుతుంది; మొజాయిక్కుకు మూలమే పోతుంది.

ఇటలీలోని రవెన్నా నగరంలో క్రీ.శ. 547లో ప్రతిష్ఠ జరిగిన సాన్ విటాలే చర్చి గోడలు ఇందుకు సాక్ష్యం. జస్టినియన్ చక్రవర్తీ, థియొడోరా రాణీ పరివారసమేతంగా అక్కడ గాజుపలుకులలో నిలిచి ఉన్నారు. బంగారురేకును గాజుపొరల నడుమ ఇమిడ్చి చేసిన పలుకులను ఆనాటి పనివారు గోడకు సమతలంగా అద్దలేదు. కొంచెం వాలుగా, కొంచెం ఎగుడుదిగుడుగా పొదిగారు. చూసేవాడు రెండడుగులు కదిలితే వెలుగూ కదులుతుంది. ఉదయం కనిపించిన బంగారం సాయంకాలానికి వేరొక బంగారమవుతుంది. పద్యానికి యతి ఎంతో ఈ కూర్పుకు వాలు అంత. అది తెలియనివానికి ఆ ఎగుడుదిగుడు పనితనపు లోపంగానే తోస్తుంది. ఛాయాచిత్రంలోనైతే తెలిసినవానికి కూడా అలాగే తోచవచ్చు.

ఈ మాటను పరీక్షించదలచినవారు రవెన్నా వరకు పోనక్కరలేదు. హైదరాబాదు పాతనగరంలో, చార్మినారుకు అనతిదూరంలో బాద్‌షాహీ ఆషూర్‌ఖానా ఉన్నది. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కాలాన, 1590ల దశకంలో కట్టినది. మెరుగుపెంకులను కోసి కూర్చిన దాని గోడల అలంకారం 1611 నాటిది. 1908లో మూసీ వరదకు ఆ పెంకులలో కొంతభాగం దెబ్బతిన్నది; తరువాత బాగుచేసినప్పుడు పోయిన పెంకుల స్థానంలో అదే మాదిరిగా రంగులు పూశారు. చిన్న ఛాయాచిత్రంలో పూత ఏదో, పెంకు ఏదో పోల్చటం కష్టం. గోడ ఎదుట నిలిచినవానికి ఆ చిక్కు లేదు. పెంకు వెలుగును తిరిగి ఇస్తుంది, పూత దానిని మింగుతుంది.

నిర్ణేతలను నిందించటం సులభమే గాని న్యాయం కాదు. కుప్పతెప్పలుగా వచ్చిపడే ప్రవేశపత్రాలను ఒకరిద్దరు మనుషులు కొద్ది వ్యవధిలో తేల్చాలి. మొదటే అసలు కృతులు పంపమంటే దూరపు ఊరివాడు పోటీకే రాడు. ఛాయాచిత్రం అతనికి తలుపు తెరిచిన మాట నిజం. ఇందులో మరొక ఇబ్బంది కూడా ఉన్నది. తైలవర్ణం, నీటిరంగులు, శిల్పం, ఛాయాచిత్రం అని గదులు కట్టిన పట్టికలో చాలాచోట్ల మొజాయిక్కుకు గది లేదు. మిశ్రమ మాధ్యమం అన్న పెరటిగదిలోకైనా పోవాలి, హస్తకళల వసారాలోనైనా కూర్చోవాలి. హస్తకళ అన్న మాటలో అగౌరవమేమీ లేదు. లలితకళల నడిమిండ్లలో బహుమతులు పంచేటప్పుడు వసారాలోని వానిని పిలవటం మరచిపోతారు, అంతే.

ఈ పద్ధతి కొనసాగితే కళ స్వభావం కూడా మారక తప్పదు. సభలో చప్పట్లు తెచ్చే పద్యాలకే పీట వేస్తే కవులు అటువంటి పద్యాలే అల్లుతారు. తెరపై నిగనిగలాడే మొజాయిక్కులకే ఎంపిక దక్కితే పలుకులు సమతలమవుతాయి, రంగులు ముదురుతాయి, దూరం నుంచి చిత్రపటంలా కనిపించటమే గుణమవుతుంది. వాలును నమ్ముకొన్నవాడు ఎంపిక కాడు. అతని శిష్యుడు వాలు నేర్చుకోడు.

1954లో ఏర్పడిన కేంద్ర లలితకళా అకాడమీ ఇటీవలి జాతీయ ప్రదర్శనలకు రెండంచెల ఎంపికను పాటించింది: మొదట ఛాయాచిత్రాలు, పిదప అసలు కృతులు. అమెరికాలోని ప్రాంతీయ సంఘాలకూ ఇది అందని పద్ధతి కాదు. ఛాయాచిత్రంతోపాటు, కృతి ముందు దీపాన్ని అటూ ఇటూ కదిలిస్తూ తీసిన అరనిమిషపు చలనచిత్రాన్ని అడిగినా ఎంతో మేలు.

రెండవ అంచెకు ఖర్చు ఎవరిదన్నదే అసలు ప్రశ్న. సిమెంటు పలకపై కూర్చిన గజం పొడవు కృతిని ఇద్దరు మోయాలి. గాజు గనుక చెక్కపెట్టె చేయించాలి, బీమా కట్టాలి; ఎంపిక కాకపోతే అదే పెట్టెలో అదే దారిన తిరిగి తెచ్చుకోవాలి. రుసుములు పుచ్చుకొనే సంఘాలు ఆ సొమ్ములో కొంత ఈ రాకపోకలకు కేటాయించవలసి ఉంటుంది. అది భారమనిపిస్తే నిర్ణేతనే కృతులున్న ఊళ్ళకు పంపవచ్చు. ఒక మనిషి ప్రయాణపు ఖర్చు పది చెక్కపెట్టెల కిరాయికంటె తక్కువే అవుతుంది.