పుకారుకు కళ్లెం వేస్తే కులం చూపు మారుతుందా?

2018 జూలై 1. మహారాష్ట్ర, ధూలే జిల్లా, రైన్‌పాడ. బిచ్చమెత్తుకుని బతికే నాథపంథీ దవరి గోసావి సంచార జాతి వాళ్లు అయిదుగురు ఆ వూరొచ్చారు. పిల్లల్నెత్తుకుపోయే ముఠా తిరుగుతోందని ఫోన్లలో వచ్చిన పుకారు నమ్మి, జనం వాళ్లను పంచాయతీ ఆఫీసులో వేసి కొట్టి చంపారు.

ఆ నెలలోనే వాట్సాప్ కంపెనీ మన దేశంలో ఒక కట్టడి పెట్టింది. వచ్చిన సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపడానికి లేదంది. 2020 ఏప్రిల్‌లో, బాగా చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చోటికే అంది. మంచిదే, కాదనం. పుకారు పరుగు తగ్గుతుంది. కానీ భుజాన జోలె కనబడగానే దొంగ అనుకునే చూపు ఫోన్లో పుట్టిందా? ఎన్నో సంచార జాతులను పుట్టుకతోనే నేరస్తులుగా ముద్రవేసిన 1871 నాటి తెల్లదొరల చట్టం 1952లో పోయింది. చూపు పోలేదు.

ఇప్పుడు తిట్లను ఏరిపారేసే యంత్రాలొచ్చాయంటున్నారు. కులం పేరెత్తకుండా ‘వాళ్లు’ అన్న ఒక్క ముక్కతో తిట్టడం మన వూళ్లలో పెద్దోళ్లకు వెన్నతో పెట్టిన విద్య. ఆ ముక్క తగిలినోడికి తెలుస్తది, యంత్రానికేం తెలుస్తది?

అన్నలారా, అక్కలారా! ఫోన్లో కులం పేరుతో తిడితే చెరిపెయ్యకండి. దాన్ని ఫొటో తీసి, తేదీ, నెంబరు రాసిపెట్టుకోండి. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు కట్టమనండి. ఇంటర్నెట్లో చేసిన దూషణకూ ఈ చట్టం వర్తిస్తుందని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. స్టేషనుకు ఒంటరిగా పోవద్దు. వాడంతా కలిసి కదలండి.

జై భీమ్!