మట్టి ఇద్దరిదీ, పట్టా ఒక్కరిదా?

పొలానికి పోయి బతుకుదాం అనడం ఈమధ్య పట్నంలో పెద్ద ఫాషనైంది. ఫ్లాటు అమ్మేయడం, ఎక్కడో నాలుగెకరాలు కొనడం, ఒక బోరు, రెండు ఆవులు, బోలెడంత ప్రశాంతత! పోవద్దని నేననను. నా పేచీ అంతా ఒక్కటే: ఆ ప్రశాంతతకు తెల్లారగట్ల లేచి పాలు పితికేదెవరు?

"మేం వెళ్ళిపోతున్నాం" అని ప్రకటించేది మగమహారాజు. ఆ "మేం"లో ఆవిడ వాటా ఎంతో ఎవరూ అడగరు.

ఇది ఇవాళ్టి వరస కాదు. 1953లో తుంగభద్ర కాలువలకు నీళ్ళొదిలాక, కోస్తా జిల్లాల రైతులు ఉన్న ఎకరం అరా అమ్ముకుని కర్ణాటకలోని సింధనూరు, గంగావతి వైపు తరలిపోయారు. వాళ్ళు కట్టుకున్న పల్లెల్ని ఇప్పటికీ "క్యాంపు" అనే పిలుస్తారు. తుమ్మలు కొట్టాం, రేగడి చదును చేశాం, వరి పండించాం అని మనవాళ్ళు మీసం మెలేస్తారు. నిజమే! మరి ఆ పాకల్లో పురుళ్ళు పోసుకున్నదెవరు? భాష రాని చోట ఉప్పూ చింతపండూ బేరమాడిందెవరు? నాట్లు వేసిందెవరు? వంగిన నడుములకు మెలేయడానికి మీసాలుండవు కదా, అందుకే ఆ కథల్లో వాళ్ళ పేర్లు రావు.

2015-16 వ్యవసాయ గణన చూడండి. దేశంలో కమతాలు నడిపే వాళ్ళలో ఆడవాళ్ళు నూటికి పద్నాలుగు మందే! పొలంలో చూస్తే ఆడవాళ్ళు, కాగితంలో చూస్తే మగవాళ్ళు.

మా ఇంట్లోనూ ఈ పొలం గాలి సోకింది. "పట్టా ఎవరి పేర?" అని అడిగాను. "నా పేర ఉంటే నీది కాదుటే?" అన్నారు మావారు. మరి నా పేర ఉంటే ఆయనది కాకుండా పోతుందా? ఈ లెక్క ఇంతవరకూ తేలలేదు.

పేరులో ఏముందంటారేమో, ఉన్నదంతా అందులోనే ఉంది. 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడు ఆ పెట్టుబడి సాయం పట్టాదారుకే వచ్చింది గాని, కలుపు తీసిన మనిషికి కాదు. రేపు ఆయనకేమైనా అయితే, ఇన్నాళ్ళూ తాను దున్నించిన చేను తనదేనని రుజువు చేసుకోడానికి ఆవిడ ఆఫీసుల చుట్టూ తిరగాలి. చట్టం కొంత కదిలింది. ఆంధ్రప్రదేశ్‌లో 1986లో, దేశమంతటా 2005లో, హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి హక్కు వచ్చింది. కానీ మొగుడు కొత్తగా కొన్న పొలంలో పెళ్ళాం పేరు దానంతటదే వచ్చి కూర్చోదు. రాయించాలి.

కనుక, పొలానికి బయల్దేరే పుణ్యాత్ములారా! లారీలో సామాను ఎక్కించే ముందు దస్తావేజులో ఆవిడ పేరు ఎక్కించండి. ఆవుకు ఏం పేరు పెట్టాలో ఆ తర్వాత తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.