ముందు చెరువు, తర్వాతే తోరణం

అనంతపురం జిల్లా జంతలూరులో ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి కేటాయించిన నేల సుమారు 490 ఎకరాలు. అనంతపురంలో ఏటా కురిసే సగటు వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. ఈ రెండింటినీ గుణిస్తే ఆ ఆవరణ మీద ఏడాదికి పడే నీరు వంద కోట్ల లీటర్లు దాటుతుంది. అందులో పదో వంతు ఒడిసిపట్టినా, తలకు రోజుకు 135 లీటర్ల చొప్పున రెండు వేల మందికి ఏడాది పొడవునా సరిపోతుంది. కరవు నేల మీద చదువుల ఆవరణ కట్టేవారు మొదట వేయాల్సిన లెక్క ఇది. మనకేమో ముఖద్వారంతో మొదలుపెట్టి, పాలనా భవనానికి అద్దాలు బిగించి, నీళ్ల సంగతి చివర్లో బోరు బండికి అప్పగించడం అలవాటు.

అనంతకు ఈ విశ్వవిద్యాలయం ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ కేంద్రాన్ని ఇక్కడ కూడా అభివృద్ధి చేస్తామని 1937లోనే శ్రీబాగ్ ఒడంబడికలో మాట ఇచ్చారు. 1968లో స్నాతకోత్తర కేంద్రం వస్తే, అది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కావడానికి 1981 వరకు ఆగాల్సి వచ్చింది. 2014 నాటి విభజన చట్టం హామీ ఇచ్చిన కేంద్రీయ విశ్వవిద్యాలయానికి 2018 మేలో కేంద్ర మంత్రివర్గం సూత్రప్రాయ ఆమోదం తెలిపి, తొలి దశకు రూ.450 కోట్లు కేటాయించింది. అదే ఏడాది జేఎన్‌టీయూ ఆవరణలో తాత్కాలికంగా తరగతులు మొదలయ్యాయి. ఇన్నేళ్లు ఎదురుచూసిన జిల్లాకు నిర్మాణాలు త్వరగా పూర్తికావాలని అడిగే హక్కుంది. సక్రమంగా సాగాలని అడిగే హక్కూ ఉంది.

అందుకే పనుల వరుస మారాలి. మొదటి పద్దు నీళ్లది. ఆవరణలోని వంకలను పూడ్చకుండా, వాలు చూసి కుంటలు తవ్వాలి. ప్రతి పైకప్పు నీరూ తొట్టికి చేరాలి. సగటు వాన ఏటా కురవదు కాబట్టి, వాన ముఖం చాటేసిన ఏడాదికీ నిల్వ ఉండాలి. హాస్టళ్లలో వాడిన నీటిని శుద్ధి చేసి చెట్లకు మళ్లించాలి. పచ్చిక బయళ్ల మోజు మాని వేప, కానుగ, చింత పెంచాలి. ఆవరణలో లోతైన బోర్లు దించితే, ఎండేది పక్క పొలాల్లోని చీనీ తోటలే. ఊరి గొంతు తడారబెట్టి సాగే చదువు మనకొద్దు.

రెండో పద్దు హాస్టళ్లది. పల్లె నుంచి వచ్చే వేరుశనగ రైతు బిడ్డకు, ముఖ్యంగా ఆడపిల్లకు, గది దొరికితేనే సీటుకు విలువ. ఆ తర్వాత ప్రయోగశాలలు, గ్రంథాలయం. పాలనా భవనం, తోరణం, అతిథిగృహం చివర్లో రావచ్చు. పాత విశ్వవిద్యాలయాలకూ ఇదే కొలత. గోడలకు సున్నం కొట్టినంత మాత్రాన పునరుద్ధరణ కాదు. కురిసే కప్పులు బాగుచేయాలి, పాతబడిన పరికరాలు మార్చాలి, ఖాళీ అధ్యాపక పోస్టులు భర్తీ చేయాలి. కొత్త ప్రాంగణం సందడిలో పాతవి వెనకబడితే జిల్లాకు మిగిలేది శూన్యమే.

కుంటలూ కాలువలూ ముందు పెట్టుకుంటే పనులు ఆలస్యమవుతాయని ఇంజనీర్లు అనవచ్చు. కానీ కుంట తవ్విన మట్టి రోడ్ల మెరకకు పనికొస్తుంది, అందులో నిలిచిన నీరు కట్టడాలకు అక్కరకొస్తుంది. కట్టేశాక గోడలు పగలగొట్టి గొట్టాలు వేయడమే అసలైన ఆలస్యం, అసలైన దుబారా.

జంతలూరు ఉన్నది బుక్కరాయసముద్రం మండలంలో. బుక్కరాయసముద్రం చెరువు కట్ట నిలవడానికి ముసలమ్మ ప్రాణమిచ్చిందని సీమ చెప్పుకొంటుంది. ఆ కథను కావ్యంగా మలచిన కట్టమంచి రామలింగారెడ్డి తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయ్యారు. చెరువు విలువ తెలిసిన గడ్డ మీద విశ్వవిద్యాలయానికి నీటి పాఠం వేరే దేశం నుంచి తెచ్చుకోనక్కర్లేదు. ఆవరణకు జల ప్రణాళిక ఉంటే అధికారులు వచ్చే వానాకాలానికి ముందే ప్రజల ముందు పెట్టాలి. లేకపోతే, అది సిద్ధమయ్యేదాకా మరో భవనానికి టెండరు పిలవరాదు.