అనభేరి దళానికి ఒక సినిమా బాకీ

1950 క్రిస్మస్ నాడు తెల్లవారకముందే లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబే చర్చి నుంచి నలుగురు స్కాట్లాండ్ యువతీయువకులు ఒక రాయిని ఎత్తుకుపోయారు. చూడటానికి మామూలు ఇసుకరాయి, బరువు మాత్రం 152 కిలోలు. ఒకప్పుడు స్కాట్లాండ్ రాజుల పట్టాభిషేకాలు దాని మీదే జరిగేవి. 1296లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ దాన్ని యుద్ధంలో కొల్లగొట్టి తన సింహాసనం అడుగున పెట్టించుకున్నాడు. అప్పటి నుంచి అది ఓడిపోయిన జాతికి రోజూ గుర్తుచేసే అవమానంగా అక్కడే ఉండిపోయింది. ఇయాన్ హామిల్టన్, గావిన్ వెర్నన్, అలన్ స్టూవర్ట్ గ్లాస్గో విశ్వవిద్యాలయ విద్యార్థులు, కే మాథెసన్ టీచర్. ఆ నలుగురి సాహసం మీద 2008లో చార్లెస్ మార్టిన్ స్మిత్ తీసిన సినిమా 'స్టోన్ ఆఫ్ డెస్టినీ'.

అదేమంత గొప్ప సినిమా కాదు. అక్కడక్కడా పాత్రలు మాట్లాడుకోవడం మానేసి ఉపన్యాసాలిస్తాయి. అయినా సిరిసిల్ల ప్రాంతంలో, ఎల్లంతకుంట మండలంలో బతుకుతున్న మనం దాన్ని ఒక్కసారైనా చూడాలి. సాహసాన్ని తెర మీద ఎట్లా చూపాలో అందులో దొరుకుతుంది. మన సాహసాలను మనమెంత నిర్లక్ష్యం చేశామో కూడా అర్థమవుతుంది.

సినిమా బలమంతా పనిని చూపడంలోనే ఉంది. సింహాసనం అడుగు నుంచి లాగుతుండగా రాయి రెండు ముక్కలవుతుంది. హామిల్టన్ తన ఓవర్‌కోటును నేల మీద పరిచి, పెద్ద ముక్కను దాని మీదికి ఎక్కించి ఈడ్చుకుంటూ వస్తాడు. చిన్న ముక్క కారులోకి చేరిందో లేదో అటు నుంచి ఒక పోలీసు నడిచొస్తాడు. హామిల్టన్, కే ప్రేమికుల్లా కౌగిలించుకుని కూర్చుంటారు. పోలీసు నమ్మి, నాలుగు మాటలు మాట్లాడి, సిగరెట్ కాల్చి వెళ్లిపోతాడు. తర్వాత రెండో కారు తాళంచెవులు కనిపించవు, చీకట్లో నేల తడుముకుంటూ వెతకాల్సి వస్తుంది. ఇవన్నీ నిజంగా జరిగినవే. భయపడుతూ, తడబడుతూ కూడా పని వదలని మనుషులను చూస్తుంటే ఆ నేల మీద గౌరవం దానంతట అదే పుడుతుంది. ఆ పోలీసును దుర్మార్గుడిగా చూపాల్సిన అవసరం దర్శకుడికి రాలేదు.

ఆ రాయి లండన్ వీధులు దాటిన రాత్రికి తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం చివరి దశలో ఉంది. మన దళాలు అడవుల్లో, నాయకులు జైళ్లలో. 1951 అక్టోబర్ 21న పోరాట విరమణ ప్రకటన వచ్చింది. దానికి నాలుగేళ్ల ముందు, 1947 సెప్టెంబర్ 11న, నిజాం మీద ఆయుధం పట్టమని పిలుపునిచ్చిన ముగ్గురిలో బద్దం ఎల్లారెడ్డి ఒకరు. ఆయనది మన ఎల్లంతకుంట మండలం గాలిపెల్లి. మిగతా ఇద్దరు రావి నారాయణరెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్. 1952లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో కరీంనగర్ జనం ఎల్లారెడ్డిని లోక్‌సభకు పంపారు. గాలిపెల్లి నుంచి పార్లమెంటు దాకా సాగిన ఆ బతుకు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది అనభేరి ప్రభాకర్‌రావు గురించి. 1910లో ఇప్పటి తిమ్మాపూర్ మండలం పోలంపల్లిలో దేశ్‌ముఖ్ ఇంట పుట్టాడు. భూములున్నాయి, పలుకుబడి ఉంది, హైదరాబాద్ చదువుంది. అన్నీ వదిలి దళం కట్టాడు. ఆ దళం చేసిన పనుల్లో మన పెద్దల నోట ఎక్కువగా వినబడేది ఒకటే: ఊరూరా పటేల్, పట్వారీల దఫ్తర్లను బయటికి తెచ్చి జనం ముందర తగులబెట్టడం.

కాగితాలు కాల్చడం సాహసమా అని ఈ తరం అడగొచ్చు. ఆనాటి పల్లెలో పట్వారీ దఫ్తరు అంటే ఏమిటో తెలిస్తే ఆ ప్రశ్న రాదు. పట్వారీగిరీ వంశపారంపర్యం. పహాణీలో ఎవరి పేరు రాస్తే భూమి వాళ్లదే. సర్కారు రాతలు ఉర్దూలో ఉండేవి, దున్నేవాడికి తెలుగు చదువే గగనం. తన చెలక ఎవరి పేరు మీదికి మారిందో, తాత తీసుకున్న పుట్టెడు వడ్లకు ఎంత వడ్డీ ఎక్కిందో, లెవీ కింద ఎన్ని బస్తాలు పోయాలో ఆ కట్టల్లో ఉండేది. చదివి చెప్పేవాడూ పట్వారీయే. వెట్టికి ఎవరు పోవాలో దొర చెబితే, ఆ దొర మాటకు కాగితం బలం ఇచ్చింది ఆ దఫ్తరే. అలాంటి కట్టలను చావడి ముందు కుప్పపోసి అగ్గిపుల్ల గీస్తుంటే, చేతులు కట్టుకుని నిలబడటమే అలవాటైన మనుషుల ముఖాలు ఎట్లా మారి ఉంటాయో ఊహించండి. కెమెరాకు అంతకన్నా ఏం కావాలి?

కాల్పిస్తున్నవాడు కూడా ఒక దేశ్‌ముఖ్ బిడ్డే. ఆ రాతల వల్ల బాగుపడ్డ వర్గంలో పుట్టి, వాటినే బూడిద చేయడానికి ఊరూరా తిరిగాడు. ఆ మనిషి లోపల ఏం జరిగి ఉంటుందన్నది ఒక్కటే చాలు, రెండున్నర గంటల సినిమా నిలబడుతుంది.

లండన్ కథకూ మన కథకూ పెద్ద తేడా ఒకటుంది. 1951 ఏప్రిల్ 11న ఆ యువకులు రాయిని అతికించి, స్కాట్లాండ్ జెండా కప్పి, ఆర్‌బ్రోత్ మఠం శిథిలాల్లో వదిలిపెట్టారు. స్కాట్లాండ్ స్వాతంత్ర్యాన్ని ప్రకటిస్తూ 1320లో పోప్‌కు లేఖ వెళ్లింది ఆ మఠం నుంచే. పోలీసులు రాయిని తిరిగి లండన్ తీసుకుపోయారు కానీ నలుగురిలో ఎవరి మీదా కేసు పెట్టలేదు. కేసు పెడితే స్కాట్లాండ్ అంతా వాళ్ల వెనుక నిలబడుతుందని ప్రభుత్వానికి తెలుసు. హామిల్టన్ పెద్ద లాయరై 97 ఏళ్లు బతికాడు. 1996లో బ్రిటన్ ప్రభుత్వమే రాయిని స్కాట్లాండ్‌కు అప్పగించడం కళ్లారా చూశాడు. అనభేరికి ఆ అవకాశం రాలేదు. 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గరి మహ్మదాపూర్‌లో నిజాం పోలీసులు, రజాకార్లు చుట్టుముట్టి ఆయనను, సింగిరెడ్డి భూపతిరెడ్డిని, మరికొందరు సహచరులను కాల్చి చంపారు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు కూడా లేవు. మరో ఆరు నెలలకు భారత సైన్యం హైదరాబాద్‌లో అడుగుపెట్టింది.

మన సినిమా ఈ చరిత్రను అసలు ముట్టుకోలేదనను. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి.నర్సింగరావు నిర్మాణంలో 1979లో తయారైన 'మా భూమి' ఇప్పటికీ మనకు కొలబద్ద. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా తీసినా అందులో మన పల్లె మట్టివాసన ఉంది. అంతకు ముందు, 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' జనంలోకి అంతగా వెళ్లడానికి ఒక కారణం 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరుసగా జరిగిన దాడులు. ఆ దాడుల్లోనే ఒక కథకు కావలసిన ఉత్కంఠ అంతా ఉంది.

తర్వాత దారి మారింది. 2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్'లో జీవితంలో ఎన్నడూ కలుసుకోని అల్లూరి, కొమురం భీం జట్టు కడతారు, సైన్యాలను ఒంటిచేత్తో పడగొడతారు. ప్రపంచం చప్పట్లు కొట్టింది. కానీ ఆ మహాబలులను చూసి బయటికొచ్చిన పిల్లవాడికి 1940లో జోడేఘాట్‌లో భీం ఎందుకు చనిపోయాడో తెలియదు. 2024లో వచ్చిన 'రజాకార్' నెత్తుటిని చూపింది. రజాకార్ల ఘోరాలు నిజమే, వాటిని దాచాలని ఎవరూ అనరు. అయితే ఈ పోరాటాన్ని రెండు మతాల తగాదాగా చూపితే మఖ్దూంను ఎక్కడ పెడతారు? రజాకార్లకు వ్యతిరేకంగా రాసినందుకు 1948 ఆగస్టులో వాళ్ల చేతుల్లోనే ప్రాణం పోగొట్టుకున్న 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను ఎక్కడ పెడతారు? దొరల్లో హిందువులు, వెట్టివాళ్లలో ముస్లింలు ఉన్న పల్లెలివి. విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టులో గెలిచినందుకు హత్యకు గురైన బందగీ ఏ మతంవాడో ఆనాడు ఏ రైతూ అడగలేదు. పగను అమ్ముకునే సినిమా టికెట్లు తెంపగలదేమో కానీ, ఆ పల్లెలకు న్యాయం చేయదు.

పెద్ద డబ్బు, పెద్ద హీరో లేకుండా ఇలాంటి కథ ఆడుతుందా అన్న సందేహానికి మన సిరిసిల్లే జవాబు చెప్పింది. సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి 2023లో తీసిన 'బలగం'లో స్టార్ లేడు. మన మాట ఉంది, కాకికి పెట్టే ముద్ద ఉంది, చివర కొమురమ్మ, మొగిలయ్యల పాట ఉంది. ఆ సినిమాను ఊళ్లకు ఊళ్లే తెరలు కట్టుకుని వీధుల్లో కూర్చుని చూశాయి. విడిపోయిన అన్నదమ్ములు కలిసిపోయారన్న వార్తలు కూడా చదివాం. అంత నమ్మకంగా తెర ముందు కూర్చునే జనానికి తమ తాతల సాహసాన్ని కూడా అదే భాషలో, అదే మనుషులతో చూపాలి. అనభేరి నూరుమందిని నరకనక్కర్లేదు. చావడి ముందు కట్టలు మండుతుండగా, రేపు పోలీసులు వస్తే ఎవరి పేరు చెప్పాలో తేల్చుకోలేక వణుకుతున్న సుంకరి ముఖం చూపితే చాలు.

ప్రభుత్వం గద్దర్ పేరిట సినిమా అవార్డులు ఇస్తోంది, సంతోషం. తీసినవాటికి బహుమతి ఇవ్వడంతో ఆగకుండా, ఇలాంటి కథలు తీయాలనుకునే కొత్తవాళ్లకు పరిశోధన దశలోనే సాయం అందించాలి. పోరాట కాలపు పోలీసు, రెవెన్యూ రికార్డులను చదువుకునే వీలు కల్పించాలి. అంతకన్నా తొందర పని ఇంకొకటుంది. దఫ్తర్లు కాలిన ఆ మంటలను చిన్నప్పుడు కళ్లారా చూసినవాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే తొంభై దగ్గర పడి ఉంటారు. సినిమా తీయాలనుకునే మన పిల్లలు స్క్రిప్టు రాయడానికి ముందే ఫోన్ పట్టుకుని పోలంపల్లి, గాలిపెల్లి, మహ్మదాపూర్ వెళ్లి, ఆ ముసలివాళ్ల మాటలను, వాళ్ల నుంచి విన్న కొడుకులూ బిడ్డల మాటలను ఈ ఏడాదే రికార్డు చేసిపెట్టాలి.